బొచ్చుకుక్కా? హచ్ కుక్కా?

మన ఎండకు, మన ఇంటికి ఏది మేలు?

కార్వేటినగరం: తెల్లవారి పాలు పోసే వేళకు వేణుగోపాలస్వామి గుడి వైపు నడిచి వెళ్తుంటే రెండు రకాల కుక్కలు కనబడుతుంటాయి. ఒకటి తెల్లటి బొచ్చు కుక్క. తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది. మూతి నక్క మూతిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కొత్త మనిషి అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, గేటు లోపలి నుంచే వీధి దద్దరిల్లేలా మొరుగుతుంది. రెండోది గోధుమరంగు ఒళ్ళు, నల్లటి ముడుతల మొహం ఉన్న పొట్టి కుక్క. ముక్కు ఉన్నదా లేదా అన్నట్టుంటుంది. గుడ్లు మిటకరించి చూస్తుంది. పెద్దగా అరవదు. మనిషి దగ్గరికొచ్చి కాళ్ళ మీద కూలబడి గురగురమంటుంది.

మొదటిదాన్ని మనవాళ్ళు బొచ్చుకుక్క అనో, పమేరియన్ అనో పిలుస్తారు. రెండోదాని అసలు పేరు పగ్. కానీ ఆ పేరుతో అడిగితే చాలామందికి తెలియదు. హచ్ కుక్క అంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఒకప్పుడు పల్లెల్లో కుక్క అంటే కళ్ళం దగ్గరో, జీవాల దొడ్డి దగ్గరో కాపలా పడుకునేది. ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు కాలం మారింది. పిల్లల పోరు పడలేక మిద్దె ఇళ్ళవాళ్ళూ, రేకుల ఇళ్ళవాళ్ళూ కూడా చిన్న కుక్కల్ని తెచ్చుకుంటున్నారు. చెన్నైలోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేసే బంధువులు పండక్కి వచ్చేటప్పుడు బుట్టలో పెట్టుకుని తెస్తున్నారు. ‘రెండింట్లో ఏది మంచిది?’ అనే ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ళలో వినబడుతున్నది.

ఈ ప్రశ్న నన్నూ అడిగారు, అదీ మా ఇంట్లోనే. మొదటిసారి నేను తప్పు జవాబు చెప్పాను. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెచ్చింది నేనే

మా అక్కవాళ్ళది ఇక్కడికి దగ్గరలోనే ఒక పల్లె. కొంచెం మామిడి తోపు, రెండు ఆవులు ఉన్నాయి. అక్క కొడుకు మూడో తరగతి పాసైనప్పుడు, కుక్కపిల్ల కావాలని మారాం చేశాడు. నేను ఏదో పని మీద పట్నం పోయి, అక్కడ ఒక దుకాణంలో అద్దాల వెనుక ఉన్న పగ్ పిల్లను చూశాను. ముద్దుగా ఉంది. అమ్మేవాడు కూడా ‘అరవదు, కరవదు, పిల్లలతో బాగా కలిసిపోతుంది’ అన్నాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ చెప్పాల్సిన ఇంకో మాట అతను చెప్పలేదు, నేను అడగలేదు. నెల జీతంలో సగం పైగా పోసి దాన్ని కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

ఇంటిల్లిపాదికీ అది ప్రాణమైపోయింది. రాత్రిపూట గురక పెట్టేది. ‘మీ తాత మాదిరే గురక పెడతా ఉండాది చూడరా’ అని అక్క నవ్వేది. మేమందరం నవ్వేవాళ్ళం. ఆ గురక ఊపిరాడక పడే అవస్థ అని మాకెవరికీ తెలియదు.

రెండో ఏడు మే నెల. మామిడికాయలు కోస్తుంటే ఇంట్లో అందరూ తోపుకు పోయారు. పిల్లవాడు కుక్కను కూడా తీసుకుపోయాడు. పిల్లలు చెట్టు చెట్టుకూ పరుగెత్తుతుంటే అదీ వాళ్ళ వెనకే పరుగెత్తింది. పదకొండు గంటలయ్యేసరికి ఒకచోట కూలబడి రొప్పడం మొదలుపెట్టింది. దాహం అనుకుని నీళ్ళు పెట్టారు. తాగలేదు. నోటి నుంచి చిక్కటి జొల్లు కారింది. నాలుక నీలి రంగుకు తిరిగింది. మా బావ మోటారు సైకిల్ మీద పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు. దారిలోనే ప్రాణం పోయింది.

పిల్లవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. వారం తర్వాత నేను పోతే, ‘మామా, ఈ తూరి సావని కుక్కను తెచ్చియ్యి’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటి నుంచి పశువుల డాక్టర్లను అడిగాను. రెండు రకాల కుక్కలనూ సాకినవాళ్ళను అడిగాను. తెలుసుకున్నది పాఠకుల ముందు పెడుతున్నాను.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?

మనం పమేరియన్ అనే కుక్క నిజానికి అసలు పమేరియన్ కాదు. పమేరేనియా అనేది జర్మనీ, పోలండ్ దేశాల్లో బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న ప్రాంతం. అక్కడి పేరుతో పిలిచే అసలు పమేరియన్ రెండు మూడు కిలోల బరువు ఉండే బొమ్మలాంటి కుక్క. మన ఊళ్ళలో ఉన్నది దానికి పెద్ద చుట్టం. దాని పేరు ఇండియన్ స్పిట్జ్. తెల్లదొరల కాలంలో ఐరోపా నుంచి వచ్చిన స్పిట్జ్ జాతి కుక్కలు ఇక్కడే తరతరాలుగా ఈని, ఈ ఎండకు, ఈ తిండికి అలవాటు పడ్డాయి. చిన్న రకం ఐదారు కిలోలుంటుంది, పెద్ద రకం పది కిలోలు దాటుతుంది. 1980, 1990 దశకాల్లో విదేశీ కుక్కలను దిగుమతి చేసుకోవడం కష్టంగా ఉండేది. అందువల్ల పట్టణాల్లో ఏ ఇంట్లో చూసినా ఇదే ఉండేది. 1994లో వచ్చిన హిందీ సినిమా ‘హమ్ ఆప్కే హై కౌన్’, అదే మన తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చింది. అందులో టఫీ అనే తెల్లకుక్క ఈ జాతిదే. ఆ సినిమా తర్వాత దీనికి ఇంకా గిరాకీ పెరిగింది.

పగ్ చైనా దేశపు కుక్క. అక్కడి రాజుల అంతఃపురాల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికే పెంచారు. తర్వాత డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపాకు పోయింది. మన దేశంలో దీన్ని ఇంటింటికీ తెలియజేసింది మాత్రం టీవీ. 2003లో హచ్ అనే సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడి వెనకాలే ఒక పగ్ ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. ఆ కుక్క పేరు చీకా. ఆ ప్రకటన తర్వాత దేశమంతా పగ్ పిల్లల కోసం ఎగబడ్డారు. 2007లో ఆ కంపెనీ పేరు వొడాఫోన్‌గా మారింది. హచ్ పేరు పోయింది గానీ, కుక్కకు మాత్రం ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

అంటే ఒకటి మన ఎండలో వందేళ్ళకు పైగా నలిగిన కుక్క. మరొకటి ప్రకటన చూసి తెచ్చుకున్న కుక్క. తేడా అక్కడే మొదలవుతుంది.

అసలు సంగతి ముక్కులో ఉంది

మనకు ఎండ తగిలితే ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. పాదాల అడుగున తప్ప దానికి చెమట పట్టదు. అందుకే నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పుతుంది. ముక్కులో నుంచి, నోటిలో నుంచి గాలి వేగంగా ఆడుతుంటే అక్కడి తడి ఆరి రక్తం చల్లబడుతుంది. కుక్కకు ముక్కు వాసన చూడటానికే కాదు, ఒళ్ళు చల్లబరుచుకోవడానికి కూడా అదే ఆధారం.

పగ్‌కు ఆ ముక్కే లేదు. మొహం చదునుగా ఉండాలని మనుషులు తరతరాలుగా పొట్టి మూతి కుక్కలనే కలిపి పిల్లలను తీశారు. ఎముక పొట్టిదైంది గానీ లోపలి కండ అంతే మిగిలింది. ముక్కు రంధ్రాలు సన్నబడ్డాయి. అంగిలి వెనుక ఉండే మెత్తటి కండ గొంతుకు అడ్డం పడుతుంది. గాలి సరిగా ఆడదు. మనం విని నవ్వుకునే గురక అదే. చల్లటి వేళ ఎలాగో నెట్టుకొస్తుంది. ఎండలో పరుగెత్తితే ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు. రొప్పేకొద్దీ గొంతు లోపల వాచిపోయి ఇంకా బిగుసుకుంటుంది.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అది 105 దాటిందంటే ప్రాణాపాయం. మన జిల్లాలో మే నెలలో ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరడం కొత్త కాదు. రేకుల ఇంట్లో కరెంటు పోతే చెప్పనక్కరలేదు.

ఇది మన ఎండ ఒక్కదాని మాటే కాదు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వారు 2022లో ఒక పరిశీలన ప్రకటించారు. మిగతా కుక్కలతో పోలిస్తే పగ్‌కు ఏడాదిలో ఏదో ఒక జబ్బు రావడానికి దాదాపు రెండింతల అవకాశం ఉన్నదని అందులో తేల్చారు. ఆరోగ్యం విషయంలో పగ్‌ను మామూలు కుక్కగా లెక్కించడానికే లేదన్నారు. అది చలిదేశం. అక్కడే ఇలా ఉంటే ఇక్కడి సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

బొచ్చుకుక్కకు అంత బొచ్చు ఉంది కదా, దానికి ఎండ తగలదా అని చాలామంది అడుగుతారు. తగులుతుంది. దానికీ నీడ, నీళ్ళు కావాలి. కానీ దాని మూతి పొడుగు, గాలి బాగా ఆడుతుంది. పైగా ఆ రెండు పొరల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. వేసవి వచ్చిందని కొందరు దాన్ని గొర్రెను కత్తిరించినట్టు నున్నగా కత్తిరిస్తారు. అది తప్పు. బొచ్చును దువ్వి, రాలిన వెంట్రుకలు తీసేస్తే చాలు.

పిల్లలతో ఎలా ఉంటాయి?

ఈ ఒక్క విషయంలో పగ్‌దే పైచేయి. చెవి లాగినా, మీద ఎక్కినా ఊరుకుంటుంది. ముసలివాళ్ళ పక్కన గంటల తరబడి పడుకుంటుంది. ఇంటికి వచ్చిన ప్రతివాడినీ చుట్టంగానే చూస్తుంది. కాపలాకు మాత్రం పనికిరాదు.

బొచ్చుకుక్కకు చురుకు ఎక్కువ, తెలివి ఎక్కువ, కోపం కూడా ఎక్కువే. ఇంట్లో ఒక్కరిని యజమానిగా పట్టుకుంటుంది. తిండి తినేటప్పుడు గిన్నె లాగినా, నిద్రపోతుంటే తోక తొక్కినా కరవడానికి వెనకాడదు. మా వీధిలో బడిపంతులుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో ఇలాంటి కుక్క 13 ఏళ్ళు బతికింది. ‘దొంగ భయం లేకుండా పడుకున్నామయ్యా, కానీ మనవళ్ళు వచ్చినప్పుడల్లా కట్టేయాల్సి వచ్చేది’ అని ఆయన చెప్పారు. ఒకసారి ఆ కుక్క చిన్న మనవడి చెయ్యి గీరింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఏ కుక్కనైనా సరే, పిల్లలతో ఒంటరిగా వదలకూడదు. పిల్లలకు నేర్పాల్సినవి మూడు: తినే కుక్క జోలికి పోవద్దు, నిద్రపోయే కుక్కను లేపవద్దు, పిల్లలు పెట్టిన కుక్కను ముట్టుకోవద్దు.

మొరుగుడు గురించి కూడా ఒక మాట. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉండే వీధిలో బొచ్చుకుక్క మొరుగుడు ఇరుగుపొరుగుతో తగాదాకు దారి తీయవచ్చు. చిన్నప్పటి నుంచే నలుగురు మనుషులను, బండ్ల చప్పుళ్ళను అలవాటు చేస్తే కొంత తగ్గుతుంది. తోపు దగ్గరో, ఊరి చివరో ఇల్లున్నవాళ్ళకు మాత్రం ఆ మొరుగుడే ఉపయోగం.

తిండి, పోషణ

రెండూ చిన్న కుక్కలే. గంపెడు తిండి అక్కరలేదు. అన్నం, రాగి సంగటి, ఉడికించిన గుడ్డు, ఎముక లేని కోడి మాంసం, కొంచెం మజ్జిగ పెట్టవచ్చు. ఉప్పు, కారం వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. మనం తిని మిగిలిన సాంబారులో ఉల్లిపాయ ఉంటుందన్న సంగతి మరిచిపోకూడదు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

పగ్‌కు తిండి మీద ఆశ ఎక్కువ. ఎంత పెడితే అంత తింటుంది. ఒళ్ళు వస్తే గొంతు చుట్టూ కొవ్వు చేరి ఊపిరి ఇంకా ఆడదు. ముద్దు కొద్దీ మిఠాయిలు పెట్టడం దానికి కీడు చేయడమే. దాని మొహం ముడుతల్లో తడి చేరి పుండు పడుతుంది గనుక రోజూ మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కళ్ళు ఉబ్బెత్తుగా ఉండటం వల్ల ముల్లు తగిలినా, పిల్లి గీరినా పెద్ద దెబ్బే. చిన్న దెబ్బకు గుడ్డు బయటికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. కంచెల్లో, చెరుకు తోటల్లో తిరగనివ్వకూడదు. మెడ పట్టీ కట్టి లాగకూడదు. ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ కట్టాలి.

బొచ్చుకుక్కకు రోజు విడిచి రోజైనా దువ్వాలి. లేకపోతే బొచ్చు చిక్కుపడి లోపల చర్మం పాడవుతుంది. ఇంట్లో వెంట్రుకలు రాలతాయి. వయసు పెరిగేకొద్దీ పళ్ళకు పాచి పట్టి ఊడిపోతాయి. పొట్టి బొచ్చే గదా అనుకుంటే పగ్ వెంట్రుకలు కూడా తక్కువేమీ రాలవు.

రెండింటికీ పిడుదుల బెడద సమానమే. ఆవులు, మేకలు ఉన్న ఇళ్ళలో మరీ ఎక్కువ. చెవుల్లో, కాలి వేళ్ళ సందుల్లో వారానికి రెండుసార్లు వెతకాలి. బొచ్చుకుక్కకు అవి కనబడకుండా దాక్కుంటాయి. పిడుదు కరిస్తే వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు వేయకూడదు. అవి దాని పొట్టను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

కుక్క ఏదైనా సూది తప్పదు

ఇంతదాకా చెప్పింది కుక్క ప్రాణం గురించి. ఇక చెప్పేది మన ప్రాణం గురించి.

‘ఇంట్లో పెరిగే కుక్క కదా, దానికేం పిచ్చి పడుతుంది?’ అని చాలామంది అనుకుంటారు. ఒక్క రాత్రి గేటు దాటి పోయి వీధికుక్కతో కొట్లాడి వస్తే చాలు. పగ్ కానీ, బొచ్చుకుక్క కానీ, టీకా లేని కుక్కకు పిచ్చికుక్క రోగం రావచ్చు. ఆ రోగం లక్షణాలు మనిషికి బయటపడ్డాయంటే ఇక దాదాపుగా బతకరు. కానీ సమయానికి సూదులు వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. ప్రపంచంలో ఈ రోగంతో చనిపోయేవాళ్ళలో పెద్ద వాటా మన దేశానిదే. అందులో చిన్నపిల్లలు ఎక్కువ.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించాలి. ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ, అటుపైన ఏడాదికోసారి. అంతకుముందే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో వంటి జబ్బులకు మొదటి టీకా పడాలి. పార్వో వస్తే కుక్కపిల్ల వాంతులు చేసుకుని, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకాలు వేస్తుంటారు. ఆ రోజుకు ఒక కథ ఉంది. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఈ సూదులు వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు.

పెద్దవాళ్ళకు బొడ్డు చుట్టూ వేసే 14 సూదులు గుర్తుండే ఉంటాయి. ఆ భయంతోనే ఇప్పటికీ కొందరు ఆసుపత్రికి పోకుండా పసరు, మంత్రం అంటూ తిరుగుతున్నారు. ఆ పాత మందును మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు సూది చేతికి వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. తొలి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మిగతావి వేస్తారు. గాయం లోతైతే దాని చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు.

కుక్క కరిచినా, గీరి రక్తం వచ్చినా మొదట చేయాల్సింది, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగడం. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. నేరుగా ఆసుపత్రికి పోవాలి. ముందు చెప్పిన పంతులుగారింట్లో జరిగింది అదే. కుక్కకు టీకా ఉందని ఊరుకోకుండా మనవడి చెయ్యి కడిగి, అదే పూట డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన సూదులన్నీ వేయించారు. ‘మా కుక్కే కదా అనుకుంటే, పోయేది మా బిడ్డే కదా’ అన్నారాయన.

కొనేటప్పుడు గమనించవలసినవి

2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 2018 నుంచి పెంపుడు జంతువుల దుకాణాలకు కూడా నమోదు తప్పనిసరి. కొనేవాళ్ళు టీకాల కార్డు, రసీదు అడిగి తీసుకోవాలి. నెల కూడా నిండని పిల్లను తల్లి నుంచి వేరు చేసి అమ్మితే అది సగం చచ్చినదే.

వీలైతే తల్లికుక్కను చూడాలి. తల్లి మనుషుల మీదికి ఎగబడుతుంటే పిల్లకూ ఆ గుణం రావచ్చు. పగ్ పిల్లనైతే ఐదు నిమిషాలు ఆడనిచ్చి, చెవి దగ్గర పెట్టి వినాలి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా గురగురమంటుంటే, ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా ఉంటే తీసుకోవద్దు. నేను వినలేదు, చూడలేదు.

మన నాటు కుక్క

ఈ రెండింటి మాటున మూడోదాన్ని మరిచిపోతున్నాం. మన వీధిలో పుట్టే నాటు కుక్కపిల్ల. పొడుగు మూతి, పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్ళు, ఈ ఎండకే పుట్టిన కుక్క అది. పైసా ఖర్చు లేదు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్కకు జాతి పేరేమీ చెప్పలేదు మన భారతం. టీకాలు వేయించి, ప్రేమగా చూస్తే అది కూడా పిల్లలతో కలిసిపోతుంది. కొనే స్తోమత లేదని బాధపడే పిల్లలకు పెద్దలు ఈ మాట చెప్పవచ్చు.

ఏది మేలు?

ఇంట్లో రోజంతా మనిషి ఉండి, చల్లటి గది ఉండి, కంటికీ ముడుతలకూ రోజూ పది నిమిషాలు వెచ్చించి, డాక్టరు ఖర్చుకు వెనకాడనివాళ్ళకు పగ్ మంచి తోడు. మన పల్లెల్లో అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారే చూసుకోవాలి. పొలం పనికి పోయి సాయంత్రం వచ్చే ఇంటికి, రేకుల ఇంటికి, తోపులో కాపురానికి పగ్ తగదు. అలాంటి చోట బొచ్చుకుక్కే మేలు, లేదా నాటు కుక్క. కాకపోతే బొచ్చుకుక్క మొరుగుడును, కోపాన్ని ఓర్చుకోవాలి. పసిపిల్లలను దానికి దూరంగా ఉంచాలి.

ఇప్పటికే ఇంట్లో పగ్ ఉన్నవాళ్ళు దీన్ని చదివి దాన్ని వీధిలో వదిలేయవద్దు. తప్పు దానిది కాదు. వేసవిలో ఉదయం ఏడుకు ముందు, సాయంత్రం చీకటి పడ్డాకే తిప్పండి. మధ్యాహ్నం నేల మీద తడి గోనెపట్టా పరిచి, గాలి ఆడే నీడలో పడుకోబెట్టండి. కారులో తలుపులు వేసి వదలవద్దు. గట్టిగా రొప్పుతూ, జొల్లు కారుస్తూ, తూలుతూ ఉంటే వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద మామూలు చల్లటి నీళ్ళు పోసి విసరండి. ఐసు నీళ్ళు వద్దు. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయవద్దు. కొంచెం చల్లబడగానే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పెద్ద జబ్బులకు తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 1955 నుంచి ఉన్న కళాశాల అది. మా తోపులో ఆ రోజు ఒక బిందె నీళ్ళు దాని మీద పోయాలని ఎవరికైనా తెలిసి ఉంటే బతికేదేమో.

మొన్నటి సంక్రాంతి తర్వాత మా అక్కవాళ్ళు తెలిసినవాళ్ళ ఇంట్లో ఈనిన బొచ్చుకుక్క పిల్లను తెచ్చుకున్నారు. తొమ్మిది వారాల పిల్ల. తల్లిని చూసే తెచ్చారు. ఇంటికి తీసుకుపోకముందే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు. తర్వాతి టీకా తేదీలన్నీ పిల్లవాడు వంటింటి గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. మొన్న నేను పోతే నాకు చూపించి, ‘మామా, నువ్వు మరిచిపోయినా నేను మరిచిపోను’ అన్నాడు.